పైడప్ప నిద్రపోనివ్వదు

ముంచింగిపుట్టు సంతలో పగటి నిద్రకు వీల్లేదు. సర్కారు పెట్టిన రూలు కాదు, పైడప్ప పెట్టింది. పసుపు, ఎండుమిర్చి అమ్ముకునే పైడితల్లిని సంతంతా అలాగే పిలుస్తుంది. ఎవరైనా గోనెకు జారబడి కునుకు తీశారో, బేరం మధ్యలో వదిలేసి మరీ వచ్చి భుజం పట్టి కుదిపేస్తుంది.

"ఓయ్! బతికున్నావా?"

"బతికే ఉన్నానప్పా!"

"అయితే పడుకో."

నిద్ర లేపి పడుకోమనడం ఆవిడకే చెల్లింది.

పక్కనే టీ కొట్టు నడిపే రమణికి ఈ గోల వారం వారం తప్పదు. ఓసారి అరకు బస్సులో పైడప్ప వెనక సీటు నుంచి ఒక్కొక్కరినీ లేపుకుంటూ డ్రైవరు దాకా వచ్చేసింది.

"నన్నెందుకప్పా? నాను తోలతన్నాను కదా!"

"ఏమో నాయనా, ఎనకనించి తెలీనేదు."

నిరుడు కాఫీ రైతుల సంఘం షెడ్డు గోడకు ఒక పెట్టె వచ్చింది. గుండె హఠాత్తుగా ఆగిపోతే కరెంటు దెబ్బ కొట్టి మళ్లీ నడిపించే మిషను. ఏం చేయాలో తెలుగులో అదే చెబుతుంది. నేర్చుకోవడానికి రమణీ వెళ్లింది, పైడప్పా వెళ్లింది. అక్కడ పడుకోబెట్టిన రబ్బరు బొమ్మను పైడప్ప "ఓయ్, బతికున్నావా?" అని కుదిపింది. నేర్పే నర్సమ్మ చప్పట్లు కొట్టింది. "చూశారా! మొదట చేయాల్సింది ఇదే!" ఇక పైడప్పను పట్టేవాళ్లెవరు?

ఖరీదైన వస్తువని సంఘంవాళ్లు పెట్టెకు తాళం వేశారు. "తాళం సెవి ఎతికేదాకా ఆగిన గుండె కాసుక్కూకుంటాదేటి?" అని పైడప్ప షెడ్డు గుమ్మంలో బైఠాయించి, తాళం తీసేదాకా కదల్లేదు. తీశాక పెట్టెకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.

అందరికంటే ఎక్కువ తిట్టేవాడు జీపు వరహాలరావు. జనం నిండేలోగా స్టీరింగు ముందే గుర్రు పెడతాడు. పైడప్ప లేపగానే, "నా నిద్రకి శనిలాగా దాపురించావే తల్లీ!" అంటాడు. ఆవిడ సంతోషంగా వెళ్లిపోతుంది.

ఈ చలికాలం ఒక సంత రోజు. "రమణీ, స్ట్రాంగుగా ఓ టీ!" అని కేకేసి వరహాలరావు సీట్లో వెనక్కి వాలాడు. రమణి గ్లాసు కడిగేలోపే పైడప్ప తయారు.

"ఇప్పుడే టీ అడిగాడప్పా. పడుకోనీ!"

"ఒరే వరహాలూ! బతికున్నావా?"

తిట్టు రాలేదు. మళ్లీ కుదిపింది. రాలేదు. పైడప్ప అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి తగల్లేదు.

"రమణీ! పెట్టె! బేగి!"

రమణి పరుగున వెళ్లి తెచ్చేసరికి వరహాలరావు నేల మీద ఉన్నాడు. పైడప్ప రెండు చేతులతో అతని రొమ్ము దంచినట్టు నొక్కుతోంది. చుట్టూ జనం.

"మొకాన నీల్లు సల్లండి!"

"సేతిలో తాళాలెట్టండి!"

"మీ నోల్లకెట్టండి తాళాలు! నూటెనిమిదికి పోను సెయ్యండి ముందు!"

చొక్కా చింపారు, చెమట తుడిచారు, పెట్టె చెప్పినట్టు దాని రెండు కరెంటు అట్టలు రొమ్ముకు అంటించారు. "ఎవరూ తాకవద్దు," అంది పెట్టె. సంతంతా రెండడుగులు వెనక్కి వేసింది. కలెక్టరు వచ్చిన రోజు కూడా అంత క్రమశిక్షణ లేదు. బటను నొక్కమంది పెట్టె. రమణి పైడప్ప వైపు చూసింది.

"నొక్కే గుంటా!"

నొక్కింది. వరహాలరావు ఒళ్లు ఎగిరిపడింది. పైడప్ప మళ్లీ నొక్కుడు మొదలుపెట్టింది. చాలాసేపటికి అతను మూలిగి, కళ్లు తెరిచాడు. ఎదురుగా పైడప్ప.

"నిద్రపోనివ్వవు కదే..." అని గొణిగాడు.

సంత ఒక్కసారిగా ఈలలు వేసింది. డప్పులు అమ్ముకునేవాడు ఉన్న డప్పులన్నీ వాయించేశాడు. అంబులెన్సు ఘాటీ ఎక్కి వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది.

అది వెళ్లాక రమణి టీ ఇస్తూ అడిగింది. "ఎందుకప్పా నీకీ లేపుడు?"

"మా తమ్ముడు సోమన్న ఇలాగే బస్సు కోసం బల్ల మీద కూకుని కల్లు మూసాడే. పడుకున్నాడనుకున్నాను. పలకరించనొచ్చినోల్లని కూడా లేపొద్దని నానే కసిరాను. ఆడింక లెగనేదు." పైడప్ప టీ ఊదుకుంది. "అప్పట్నించి తిట్టించుకోడం బాగుంటాదే నాకు. తిట్టేవోడు బతికున్నట్టే కదా."

రెండు నెలలకు వరహాలరావు మళ్లీ సంతకొచ్చాడు. అదే జీపు, అదే కునుకు. పైడప్ప నోరు తెరవకముందే, కళ్లు మూసుకునే చెయ్యి పైకెత్తాడు.

"బతికే ఉన్నానప్పా!"

ఆ వెంటనే సంత పొడుగునా, గోనెల మీద, బళ్ల కింద, గొడుగుల నీడలో పడుకున్నవాళ్ల చేతులు వరసగా లేచాయి.

పైడప్ప నడుం మీద చెయ్యి వేసుకుని అందరినీ ఒకసారి లెక్క చూసుకుంది.

"అయితే పడుకోండి."