నీటికాకికి ఇచ్చిన వెలుగు

ఎనభైల్లో పిట్టల ఫొటోల పిచ్చి పట్టి, కెమెరా మోసి మోసి నా ఎడమ భుజం జానెడు కిందికి దిగింది. ఢిల్లీ బేర్ సరాయ్ గదిలో నాతో ఉంటూ సివిల్స్‌కు చదివే మిత్రుణ్ణి ఒక చలికాలం ఉదయం యమున ఒడ్డుకు లాక్కెళ్లాను. రాయి మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. దాని వెనకాల ఎండలో వాడు నవ్వుతూ నిలబడ్డాడు.

"నేనూ పడేట్టు తియ్యరా, అమ్మకి పంపాలి."

"నీ మొహం రోజూ ఉండేదే. ఇది మళ్లీ దొరుకుద్దా?"

మెరిసే నీళ్లను చూసి బెదిరిపోయి వెలుగు తగ్గించమనే కెమెరా మీటరు మాట వింటే నల్లపిట్ట బొగ్గుముద్దయిపోతుంది. అందుకే దానికోసం రెండు స్టాపులు ఎక్కువ, అంటే నాలుగింతల వెలుగిచ్చాను.

వేసవి రాకముందే పచ్చకామెర్లు వాణ్ణి తీసుకుపోయాయి. వాళ్లమ్మ వచ్చింది. హాల్ టికెట్ ఫొటోలో వాడు ఉరిశిక్ష పడ్డవాడిలా ఉన్నాడు. ఆవిడకు నవ్వే ఫొటో కావాలి. నా దగ్గర వాడు నవ్వుతూ పడింది పిట్ట వెనకాల ఉన్న ఆ ఒక్క నెగెటివ్‌లోనే.

కిటికీకి దుప్పటి కట్టి నెగెటివ్‌ను పెద్దది చేసే ఎన్‌లార్జర్ వెలిగించాను. అట్టకు చిల్లు పెట్టి, కాగితం మీద వాడి మొహం పడేచోట మాత్రమే ఢిల్లీ కరెంటంతా గుమ్మరించాను. పిట్టకిచ్చిన వెలుగుకు తెల్లగా చెరిగిపోయిన మొహం బూడిదరంగుకు తిరిగింది గానీ కళ్లు రాలేదు, నవ్వు రాలేదు.

ఆవిడ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పిట్ట కంట్లో మెరుపు కూడా పడింది కదా బాబూ," అంది.