పట్టాల వదిన, ఇన్‌స్పెక్టర్‌గారి బాల్కనీ

ఆ వీధిలో ఆమెను పట్టాల వదిన అంటారు. రైళ్ళతో ఆమెకు ఏ చుట్టరికమూ లేదు. బాల్కనీల జారుడు తలుపులు నడిచే పట్టాలను బాగుచేయడం ఆమె బతుకుతెరువు. మొదట ఆ పని మొగుడిది. నిచ్చెన మీంచి పడి అతని నడుం పట్టేశాక పనిముట్ల సంచీ ఆమె భుజానికెక్కింది. అతనిప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్లెత్తుతూ "మా ఆవిడ బిజీ" అని గొప్పలు పోతుంటాడు.

వదినకు ఒక దురలవాటు ఉంది. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ తలుపు ఊడబీకి చూపిస్తుంది.

పక్క వీధిలో దొంగలు పడ్డారని హడలిపోయి ఒక రిటైరైన ఇన్‌స్పెక్టర్ భార్య ఆమెను పిలిపించింది. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

"ముప్ఫయ్యేళ్ళు దొంగల్ని పట్టినవాణ్ణి. ఈ తాళం తియ్యాలంటే దొంగ మళ్ళీ పుట్టాలి" అన్నాడు మీసం దువ్వుతూ.

"అయితే నన్ను బాల్కనీలో ఉంచి తాళం వేసుకోండి సార్."

ఆయన వేసుకుని, సోఫాలో కాలు మీద కాలు వేశాడు. వదిన తలుపును రెండు చేతులా పైకెత్తి, కింది అంచును తన వైపు లాగింది. తాళంతో సహా తలుపు ఊడొచ్చింది. దాన్ని గోడకు ఆనించి, చెప్పులు విప్పి మరీ మర్యాదగా లోపలికి నడిచింది. ఇన్‌స్పెక్టర్ భార్య నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ముఖం కందగడ్డయింది.

"ఎక్కడ నేర్చావీ విద్య?"

"స్టేషన్లో మాత్రం కాదు సార్."

తలుపు పైకి లేవకుండా పై పట్టాలో మరలు బిగించింది. కింది పట్టాలో కొలిచి కోసిన కర్ర పడేసింది. ఇక తలుపు వెంట్రుకవాసి కదలదు.

నాలుగు రోజులకు, ఆయన భార్య వీధి తలుపుకు బయటనుంచి తాళం వేసి, తాళంచెవి పట్టుకుని అక్కగారింటికి వెళ్ళాక, ఆయన కర్రను లోపల గోడకు నిలబెట్టి, మొక్కలకు నీళ్ళు పోయడానికి బాల్కనీలోకి వచ్చి తలుపు మూశాడు. కర్ర జారి పట్టాలో పడింది. చేతిలో ఫోనుంది కాబట్టి సరిపోయింది.

వదిన పరుగెత్తుకొచ్చింది.

"ఆరోజు ఎత్తావుగా, ఎత్తెయ్!" అని పైనుంచి అరిచాడు.

"ఎలా ఎత్తేది సార్? మరలు బిగించింది నేనే!"

నిచ్చెన వేసింది. బనీనూ లుంగీతో ఆయన సగం దిగేసరికి ఎదురింటి ముసలమ్మ "దొంగ! దొంగ!" అని వీధంతా లేపింది.

వదినకు నవ్వుతోపాటు సిగ్గూ వేసింది. కర్ర ఎక్కడ పెట్టుకోవాలో తను చెప్పనేలేదు.

"తప్పు నాదే సార్. అమ్మగారు వచ్చేదాకా మా ఇంట్లో కూర్చోండి" అని తీసుకెళ్ళింది. సాయంత్రం దాకా ఆయన ఆమె మొగుడి పక్కన టీలు తాగాడు. ఊరికే ఉండలేక ఫోన్లు కూడా ఎత్తాడు. "ఎవరు? ఏ వీధి? ఎప్పట్నుంచి?" అని ఆయన గద్దిస్తుంటే అవతలివాళ్ళు చెయ్యని నేరాలు కూడా ఒప్పుకునేలా ఉన్నారు.

ఆవిడ వచ్చి ఇల్లు తెరిచాక, వదిన కర్రను పెట్టుకోవడానికి గోడకు ఒక కొక్కెం కొట్టి వెళ్ళింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు కొక్కెం, తర్వాతే కర్ర.