పక్కన నిలబడ్డ వత్సలాబాయి

ఖడక్‌వాడి బడిలో ఏడో తరగతి వత్సలాబాయిది. బీడ్ జిల్లా గుట్టల్లోని ఆ ఊళ్లో ఆడ టీచరును బాయి అనే పిలుస్తారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఆవిడ ఎక్కాలు చెప్పిస్తుంటే దారిన పోయే మేకల కాపరులు కూడా ఆగి రెండు ఎక్కాలు అప్పజెప్పి పోతారని ఊళ్లో నవ్వుకునేవారు. ఆవిడ అమ్మానాన్నలు కూడా ఏటా చెరకు కొట్టడానికి వలస పోయినవాళ్లే. నాయనమ్మ ఊళ్లోనే ఉండి ఇంత రొట్టె కాల్చి పెట్టబట్టి ఆవిడకు చదువు దక్కింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకునేది కాదు, మరిచిపోయిందీ లేదు.

అలాంటి మనిషిని ఆ ఏడాది తాలూకా ఊరికి పిలిచి, నోరు మూసుకుని ఉండడం నేర్పారు. బడులకు ట్యాబులు ఇస్తున్నారు. ప్రశ్న పిల్లలే ఎంచుకోవాలి, జవాబు పిల్లలే వెతకాలి, ఫోటోలు తీయడం, గొంతులు రికార్డు చేయడం, చివరికి అందరి ముందూ పెట్టి చూపించడం అన్నీ వాళ్ల పనే. శిక్షణ ఇచ్చిన కుర్రాడు చాలా మర్యాదగా చెప్పాడు. "మీరు పక్కన నిలబడితే చాలు మేడమ్. నడిపేది పిల్లలే."

వత్సలాబాయి ఆ మాటను మనసులో పెట్టుకుంది. నిజానికి పెట్టుకోక తప్పలేదు కూడా, ఎందుకంటే మొదటి రోజే తెలియక ఏదో నొక్కితే ట్యాబు పెద్ద గొంతుతో హిందీలో వార్తలు చదవడం మొదలుపెట్టింది. ఆపడం ఆవిడ తరం కాలేదు. చీర కొంగు కప్పి చూసింది, ఆగలేదు. తరగతి తరగతంతా పడి పడి నవ్వింది. వెనక బెంచీలోంచి ముక్తా అనే పిల్ల లేచి వచ్చి, కొంగు తప్పించి, ఒక్క వేలితో దాని నోరు మూయించింది. "దీన్ని గట్టిగా నొక్కకూడదు బాయీ, తాకితే చాలు" అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆ ముక్తాయే ప్రశ్న కూడా తెచ్చింది. మగపిల్లలు చిరుతపులి మీద చేద్దామన్నారు. ఇంకొందరు మేకలకు దగ్గు ఎందుకొస్తోందో కనుక్కుందామన్నారు. ముక్తా అంది కదా, దీపావళి వెళ్లగానే మనలో సగం మందిమి ఉండం, ఎవరు ఎక్కడికి పోతారో పక్క బెంచీ వాళ్లకే తెలియదు, అదంతా మ్యాపు మీద పెడదాం అని. పోయేవాళ్లు అక్కడినుంచి ఫోటోలు, మాటలు పంపాలి. ఉండేవాళ్లు వాటిని మ్యాపులో ఎక్కించాలి.  ఆ మాటతో అందరూ ఒక్కసారే మాట్లాడసాగారు. మా నాన్న కర్ణాటక సరిహద్దుకు, మాది సాంగ్లీ, మాకు పేరు తెలీదు కానీ పక్కన పెద్ద నది ఉంటుంది అంటూ. అమ్మానాన్నలు పోయే ఊరి పేరు తెలియని సార్థక్, మ్యాపులో గుర్తుగా పెట్టే పుల్ల బొమ్మను ఎక్కడ గుచ్చాలో తెలియక ట్యాబు మీద నది వెంట వేలు పోనిస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

హెడ్మాస్టరు ఢాకణే సార్‌కు సంగతి తెలిసి ముఖం మాడ్చుకున్నాడు. పిల్లలు సగం మంది బడిలో ఉండరని మనమే ఊరంతా చాటుకుంటామా, మొక్కల మీద చేయించరాదూ అన్నాడు. వత్సలాబాయికీ లోపల భయంగానే ఉంది. కానీ శిక్షణ ఇచ్చిన కుర్రాడి మాటే అడ్డం పెట్టుకుంది. "నడిపేది పిల్లలే కదా సార్. నేను పక్కన నిలబడ్డదాన్ని" అంది. ఉద్యోగంలో చేరాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి తనలో తనే నవ్వుకుంది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. అప్పటిదాకా ముక్తా ఊళ్లోనే ఉండి చదువుకోగలిగిందంటే వాళ్ల ఆజీ, అంటే నాయనమ్మ వల్లే. వానాకాలం చివర్లో ఆ ముసలావిడ జారి పడి తుంటి విరిగి, కూతురింటికి పోయి మంచాన పడింది. వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం బడిలో నడిచే హాస్టలుకు ఆ ఏడు మంజూరు రాలేదు. వత్సలాబాయి ముక్తా ఇంటికి వెళ్లింది. పిల్లను నా దగ్గర ఉంచుకుంటాను, నా కూతురితో పాటే తింటుంది అని చెప్పింది. ముక్తా తండ్రి భానుదాస్ తలెత్తలేదు. నులక మంచం అంచు గీకుతూ, "మీ మాట కాదనడానికి నోరు రావట్లేదు బాయీ. కానీ చిన్నోణ్ణి ఎవరు ఎత్తుకోవాలి?" అన్నాడు. చిన్నోడంటే ముక్తా తమ్ముడు సోన్యా, అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు.

దీపావళి మర్నాడు ట్రాక్టరు వచ్చింది. గిన్నెలు, పరుపులు, జొన్నల బస్తా, ఒక మేక, వాటి మీద మనుషులు. ముక్తా తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ట్రాక్టరు కదిలేదాకా, ఊళ్లోనే ఉండిపోతున్న సార్థక్‌కు పనులు అప్పగిస్తూనే ఉంది. చక్కెర ఫ్యాక్టరీలకు ఎర్ర పుల్లలు, గుడిసెలకు నీలం పుల్లలు, తప్పు పెట్టావంటే వచ్చి తంతాను అని.

మొదట్లో అంతా బాగానే నడిచింది. ముక్తా తండ్రి ఫోన్లోంచి రోజూ ఏదో ఒకటి పంపేది. చెరకాకుతో కట్టిన గుడిసెల వరుస, నీళ్ల కోసం వెళ్లే దారి, తెల్లవారకముందే పొలంలో మినుకుమనే లైట్లు. ఒకసారి కొడవలి దెబ్బకు చెరకు విరిగే చప్పుడు మాత్రమే రికార్డు చేసి పంపింది, దాని వెనక ఎక్కడో సోన్యా ఏడుపు. బడిలో కిటికీ దగ్గర తప్ప నెట్‌వర్క్ రాదు కనుక పిల్లలంతా ట్యాబు పట్టుకుని కిటికీకి వేలాడేవారు. ముక్తా అక్కడినుంచే అందరినీ నడిపించేది. "ఒరే సార్థక్, మా గుడిసెను నదిలో పెట్టావురా, మేమేమన్నా చేపలమా?" అన్న గొంతు వినబడగానే గదిలో నవ్వులే నవ్వులు. వత్సలాబాయీ నవ్వేది. పాఠం చెప్పకుండానే పాఠం నడుస్తోందని ఆ కొన్నాళ్లు ఆవిడకు గర్వంగానే ఉండేది.

తర్వాత మాటలు పొట్టివయ్యాయి. రోజూ వచ్చేవి వారానికోటి అయ్యాయి. ఒకసారి ఆవలిస్తూనే చెప్పింది, అమ్మకు నడుం పట్టేసిందనీ, వంట కూడా తనే చేస్తోందనీ. సంక్రాంతి దాటాక అవీ ఆగిపోయాయి. ఫోన్ చేస్తే మోగదు. కిటికీ దగ్గర పిల్లలు గుమిగూడి ఖాళీ ట్యాబు వైపు చూసేవారు. చివరికి సార్థక్ వచ్చి, "మీరు వెళ్లి చూడండి బాయీ" అన్నాడు. ఈ పనిలో పిల్లలు ఆవిడకు అప్పజెప్పిన పని అదొక్కటే.

ఆదివారం కలిసొచ్చేలా శనివారం రాత్రే బయలుదేరింది. ట్యాబులు బడి దాటకూడదని ఆజ్ఞ ఉంది. అయినా ఒకటి చీర మడతల మధ్య దాచి సంచిలో పెట్టుకుంది. కొల్హాపూర్ వైపు బస్సులు మారి మారి నది ఒడ్డు గుడిసెల దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

ముక్తా చెరకు కొనలు మోపు కడుతోంది. చంకలో తమ్ముడు. చిక్కిపోయింది, చేతుల నిండా ఆకు కోసిన గీతలు. బాయిని చూసి నవ్వింది కానీ పరుగెత్తి రాలేదు. చంకలో పిల్లాడున్నాడు మరి. ఫోన్ ఏమైందని అడిగితే, ట్రాక్టరు చక్రం కింద పడిందనీ, నాన్న కొత్తది కొనలేదనీ మామూలుగా చెప్పింది.

తల్లి ప్రయాగ పొలంలోంచి నడుం పట్టుకుని వచ్చి, బాయికి నీళ్లిచ్చి, రొట్టె, నూరిన పచ్చిమిరప కారం పెట్టింది. వత్సలాబాయి తిన్నాక మాట ఎత్తింది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పిల్లను పంపించు అని మెల్లగా, చాలాసేపు చెప్పింది. ప్రయాగ అంతా విన్నది.

"తీసుకుపో బాయీ. నేను వద్దనను. వీణ్ణి కూడా తీసుకుపో" అంది. "గట్టు మీద పడుకోబెడితే బండ్లు వెనక్కి తిరిగేది ఆ గట్టు దగ్గరే. పోయినేడు ఆ చివరి గుడిసె వాళ్ల పిల్ల అట్లాగే పోయింది. నువ్వే చెప్పు, ఎక్కడ పెట్టమంటావు వీణ్ణి?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. వత్సలాబాయి ఏదన్నా చెబుతుందేమోనని ఆవిడ ముఖంలోకి చూస్తూ నిలబడింది.  సోన్యా వచ్చి గాజులు లాగుతుంటే వత్సలాబాయి లాగనిచ్చింది.

వచ్చేముందు ముక్తాను పక్కకు తీసుకెళ్లి ట్యాబు బయటికి తీసింది. ముక్తా కళ్లు మెరిశాయి. ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని, రెండో చేతి వేలితో మ్యాపు జరుపుతూ గబగబా చూసింది. రెండు చోట్ల రంగు మార్చింది, ఒక పేరు సరిచేసింది. ఉంచుకో, నేను సర్దిచెప్పుకుంటాను అంది వత్సలాబాయి. ముక్తా గుడిసె వైపు చూసింది, పొలం వైపు చూసింది. గౌను అంచుతో తెర మీది చెమట మరక తుడిచి ఆవిడ చేతిలో పెట్టేసింది.

"ఇక్కడ ఇది పగిలిపోతుంది బాయీ. ఛార్జింగు పెట్టాలన్నా ఫ్యాక్టరీ దాకా పోవాలి. సార్థక్ చేత చేయించండి. ఆఖరి పేజీ మాత్రం రాయొద్దనండి, అందరం వచ్చాక రాద్దాం."

తిరుగు బస్సులో వత్సలాబాయి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడిస్తే కొంచెం తేలికయ్యేదేమో.

ఫిబ్రవరిలో తాలూకా ప్రదర్శన జరిగింది. సార్థక్ తడబడుతూనే అయినా అంతా చూపించాడు. చెరకు విరిగే చప్పుడు వినిపించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపేశారు. ఒక అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు కూడా. అయితే చివరి పేజీ ఖాళీగా ఉంది. పైన 'పరిష్కారం' అని మాత్రం ఉంది. ఇదెందుకు వదిలేశారని అడిగితే, మా జట్టు నాయకురాలు ఇంకా రాలేదు సార్ అన్నాడు సార్థక్. ఆ అధికారి వత్సలాబాయిని పక్కకు పిలిచి, పరిష్కారం లేకపోతే మార్కులు పడవు మేడమ్, మీరన్నా రెండు వాక్యాలు చెప్పి రాయించండి అన్నాడు, సాయం చేసే ధోరణిలోనే. సార్థక్‌కు కాగితం మీద రాసిద్దామని ఆవిడ ఆయన పెన్ను తీసుకుంది. హాస్టళ్లు, అవగాహన, తల్లిదండ్రుల సహకారం, ఎవరికైనా నచ్చే మాటలు ఎన్ని లేవు? ప్రయాగ అడిగిన మాట చెవుల్లో తిరుగుతోంది. పెన్ను మూత పెట్టేసి తిరిగి ఇచ్చేసింది. బహుమతి దానంతటదే వెలిగే దీపం చేసిన బడికి వెళ్లింది.

ఏప్రిల్ ఆఖరున ట్రాక్టరు తిరిగొచ్చేసరికి పరీక్షలు ముగిశాయి. ఎవరినీ ఫెయిల్ చేయరు కనుక ముక్తా పాసైంది. పిల్లలు ఆఖరి పేజీ రాద్దామని ఒకరోజు బడి అరుగు మీద చేరారు. కానీ ట్యాబుల్ని అప్పటికే తాలూకా వాళ్లు వెనక్కి తీసుకుపోయి, అన్నీ చెరిపేసి, కొత్త ఏడాదికి సిద్ధం చేస్తున్నారు. ఆ సంగతి పిల్లలకు చెప్పాల్సి వచ్చింది వత్సలాబాయికే.  వాళ్లు కాసేపు కూర్చుని చింతకాయలు కొట్టుకోవడానికి వెళ్లిపోయారు.

ఖడక్‌వాడి బడి ఏడుతో సరి. ఎనిమిదికి గుట్ట దిగి పక్క ఊరు పోవాలి. సార్థక్ సైకిలు మీద పోతున్నాడు. ముక్తా పేరు అక్కడ రాయించారు కానీ రెండు వారాలే వెళ్లింది. వత్సలాబాయి వాళ్లింటికి రెండుసార్లు వెళ్లింది, ఆ బడి హెడ్మాస్టరుతో మాట్లాడింది, తాలూకా ఆఫీసులో అర్జీ ఇచ్చింది. అందరూ సరే చూస్తామన్నారు.

శ్రావణంలో ఒకరోజు పిండిమర దగ్గర ముక్తా కనిపించింది. జొన్నల డబ్బా నెత్తిన, సోన్యా ఇప్పుడు చేయి పట్టుకుని నడుస్తున్నాడు. ఈ ఏడాది పిల్లలు ఏం చేస్తున్నారు బాయీ అని అడిగింది. ఉల్లిగడ్డల ధర ఎందుకు పడిపోతుందో కనుక్కుంటున్నారని చెప్పింది వత్సలాబాయి. ముక్తా ఆలోచించింది.

"గొంతు రికార్డు చేశాక ముందు ట్యాబులోనే దాచుకోమనండి. కిటికీ దగ్గరికి పోయేలోపు పోతాయి. మేం అట్లాగే చాలా పోగొట్టుకున్నాం."

చెబుతాను అంది వత్సలాబాయి.  మర హోరులో ముక్తా వంతు వచ్చింది. పిల్ల డబ్బా దించి లోపలికి వెళ్లింది. ఆవిడ తలుపు దగ్గర సోన్యా చేయి పట్టుకుని, ముక్తా బయటికి వచ్చేదాకా నిలబడింది.