యశోదమ్మ ముప్పై

ఆదెన్న ఇంట్లో ఏ వస్తువు చెడినా బయటికి పోదు. తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరి పక్క పల్లె ఆయనది. బండలు పాలీషు పట్టే ఫ్యాక్టరీలో పని చేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, స్క్రూడ్రైవరు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. మిక్సీ, ఫ్యాను, టార్చిలైటు అన్నీ ఆయన చేతిలో పడి లేచినవే. బిగించాక ఒకటో రెండో స్క్రూలు మిగులుతాయి. అవి అక్కర్లేనివని ఆయన అభిప్రాయం.

అలాంటి మనిషి సొంత బండికి స్పీడు మీటరు మాత్రం ఏళ్ల తరబడి చచ్చి పడి ఉంది. బండి ఎంతలో పోతోందో తోలేవాడికి తెలియదా, దానికి మీటరెందుకు అనేవాడు.

పోయిన ఎండాకాలం తాడిపత్రి రోడ్డులో కొత్తగా వేసిన స్పీడు బ్రేకరు కనబడక బండి ఎగిరింది. కిందికి దిగాక ఆదెన్న బండి మీదే ఉన్నాడు. వెనక కూర్చున్న భార్య యశోదమ్మ లేదు. ఆమెకు మణికట్టు విరిగి సిమెంటు కట్టు వేశారు. తాను ముప్పైలో పోతున్నానని ఆయన, అరవైకి తక్కువ లేదని ఆమె. తేల్చి చెప్పాల్సిన మీటరు సున్నా అంటోంది. కట్టు విప్పిన రోజు యశోదమ్మ తన మాట చెప్పేసింది. మీటరు పని చేయాలి, సూది ముప్పై దాటకూడదు. అంతవరకు ఆ బండి ఎక్కేది లేదు.

ఆదెన్న నవ్వి ఊరుకున్నాడు. ఆమె సంతకు ఆటోలో పోయేది, ఆయన ఖాళీ బండి మీద వెనకాలే పోయేవాడు. ఫ్యాక్టరీలో పనిచేసే లింగన్న, "ఏమప్పా, మీ ఆడమనిషికి బందోబస్తు పోతాండావా?" అని అడిగాక ఆయనకు నవ్వు రాలేదు.

ఇంతలో యశోదమ్మ చెల్లెలు పద్మజ, బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నామని కబురు పంపింది. ఆ ఊరికి బస్సు లేదు, ఆటోవాళ్లు సగం దారిలో దించేస్తారు. ఒకరు వచ్చి ఒకరు రాకపోతే, మొగుడూ పెళ్లాలకు పడలేదని ఊరంతా అనుకుంటుంది.

ఆదెన్న మీటరు విప్పాడు. ముందు చక్రం నుంచి వచ్చే కేబులు తెగి ఉంటే కొత్తది వేశాడు. అంతటితో ఆగొచ్చు. ఆగలేదు. డబ్బా లోపల గిర్రున తిరిగే అయస్కాంతం, దాని మీద బోర్లించిన చిన్న రేకు గిన్నె, గిన్నెకు సూది. అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య ఒట్టి గాలి. ఇంత ఎండిపోయి ఉంటే ఏం పని చేస్తుంది అనుకున్నాడు. వాళ్లింట్లో తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను మొరాయించినా, మోకాలు పట్టేసినా శెనగనూనే. మీటరుకూ నాలుగు చుక్కలు వేశాడు. చివరగా, యశోదమ్మ వంటింట్లో ఉందని చూసుకుని, సూదిని పీకి సున్నాకు కాస్త కింద పెట్టాడు, నలభైలో పోయినా ముప్పై చూపేలా. ముందు చక్రం ఎత్తి చేత్తో తిప్పితే సూది కదిలింది.

ఉయ్యాల రోజు యశోదమ్మ బండెక్కింది. ఆయన భుజం మీదుగా మెడ చాచి మీటరునే చూస్తోంది. ఊరు దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఎండకు మీటరు వేడెక్కి, నూనె గిన్నె కిందికి పాకి, అయస్కాంతంతో పాటు గిన్నెను కూడా ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. సూది అరవై మీదికి పోయింది.

ఆమె మెల్లగా పొమ్మంది. ఆయన తగ్గించాడు. సూది యాభై. ఇంకా తగ్గించాడు. శెనక్కాయల మూట వేసుకుని సైకిలు తొక్కుతున్న ఒక ముసలాయన వాళ్లను దాటి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పోయాడు. ఆ వయసులో డెబ్బై స్పీడులో పోవడం ఏమిటని యశోదమ్మ బాధపడింది.

సూది నలభై కిందికి దిగకపోయేసరికి ఆమే దిగింది. నడక మొదలుపెట్టింది. ఆదెన్న కాళ్లు నేలకు ఆనిస్తూ మొదటి గేరులో పక్కనే పోయాడు. కొంత దూరం పోయాక ఆమె మీటరు వైపు చూసి నిలబడింది.

"ఏమయ్యా, నేను ముప్పై ఐదులో నడుస్తాండానా?"

ఆదెన్న రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద ఏమీ లేదు. నూనె సంగతి చెప్పాడు. ఆమె చూపు తిప్పకపోయేసరికి సూది సంగతీ చెప్పాడు.

"మోసం చేసేది కూడా చేతకాలేదు నీకు," అంది యశోదమ్మ.

మిగిలిన దారంతా ఆమె నడిచింది. ఆయన బండి ఆపేసి తోసుకుంటూ పక్కనే నడిచాడు. ఎందుకంత చెమటలని పద్మజ అడిగితే, పెట్రోలు అయిపోయిందని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

తర్వాతి ఆదివారం ఆదెన్న మళ్లీ మీటరు విప్పాడు. ఈసారి యశోదమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గిన్నెను పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, పొడిగానే బిగించేదాకా చూసింది. సూదిని సున్నా మీదే పెట్టేదాకా కూడా చూసింది. అయ్యాక బండి తీయమని, తానే వెనక ఎక్కి కూర్చుంది.

మీటరు వైపు చూడలేదు. కళ్లు మూసుకుంది. ఆదెన్న కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాడు. గాలికి ఆమె కొంగు టపటపా కొట్టుకోసాగింది. ఒకచోట ఆమె చేయి ఆయన భుజాన్ని పట్టేసింది.

"ఇదే ముప్పై. సూది యాడుండాదో చూసి పెట్టుకో."

బండి ఆపాక నుదుటి స్టిక్కరు పీకి ఇచ్చింది. ఆమె ముప్పై అన్నప్పుడు సూది ఉన్న చోటే ఆయన దాన్ని మీటరు అద్దం మీద అంటించాడు. అంటించి, అది ఏ అంకెను కప్పిందో చూశాడు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"యశోదా, దీని కింద యాభై ఉండాది."

ఆమె కొంగు నడుముకు దోపుకుని సర్దుకుని కూర్చుంది.

"ఉండనీ. నీ వెనకాల కూచునేది బండి కంపెనీవాళ్లా, నేనా?"

ఆదెన్న కిక్కు కొట్టాడు.