నీడలో ఆరిన బొబ్బర్లు

మా అక్క ఎండను నమ్మినంతగా ఇంకెవరినీ నమ్మలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదిలో సగానికి పైగా వానలే. బీరువాలో చీరకు బూజు, గోడలకు చెమ్మ, ఓడలో వచ్చిన పప్పుకు ముక్కవాసన. అందుకే మా అండమాన్ దీవుల్లో ఆడవాళ్ళు ఓడ దిగిన ఏ సరుకునైనా ముందు ఎండలో పరిచి, ఆ తర్వాతే డబ్బాలో పోస్తారు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఏదీ ఒక్కసారిగా వాడెయ్యరు. వచ్చే ఓడ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, సగం దాచాల్సిందే. మా అక్క అయితే అగ్గిపుల్లలు కూడా సగం దాచేది.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకు పదహారు. నన్ను పెంచింది ఆమే. తను బడి మానేసి నన్ను పంపింది. ఆ చదువుతోనే నేను వ్యవసాయ ల్యాబ్‌లో అటెండర్ ఉద్యోగం, హాడోలో క్వార్టర్ సంపాదించాను. అక్క డాలీగంజ్‌లోని మా పాత ఇంట్లోనే ఉండిపోయి, ఇంటి వెనక నాలుగు మళ్ళలో బొబ్బర్లు వేసి, మిడిల్ పాయింట్ దుకాణాలకు కాయలు పంపుతూ బతికింది. ప్రతి ఆదివారం నేను వెళ్ళేవాణ్ణి.

పోయినేడు వానలు తగ్గేసరికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. యూరియా బస్తా మోసుకురాలేనంది. ఓడ ఆలస్యమైతే ఆ బస్తా కూడా దొరకదు. సాగు మానెయ్యమన్నాను.

"మానేసి ఏటి సెయ్యమంటావురా? నీ క్వార్టర్‌లో కూకుని గోడలు సూడమంటావా?" అంది.

ఆ మళ్ళు పోతే ఆమె బతుకులో ఇంకేమీ మిగలదని నాకూ తెలుసు. అందుకే ల్యాబ్‌లో సారును అడిగి ఒక ప్యాకెట్ తెచ్చిచ్చాను. చూడటానికి నల్లటి పొడి. అందులో ఉన్నది రైజోబియం, అంటే వేళ్ళలో కాపురముండే బ్యాక్టీరియా. బొబ్బర వేళ్ళకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. యూరియా చేసే పని చాలావరకు అదే చేస్తుంది.

ఇదంతా అక్కకు చెప్పలేదు. "బెల్లం నీళ్ళలో ఈ పొడి కలిపి గింజలకు పట్టించి ఆరబెట్టు. వచ్చే ఆదివారం నాటుదాం" అన్నానంతే. నన్ను చదివించిన మనిషికి రెండు మాటలు విడమర్చి చెప్పడానికి బద్ధకించాను.

ఆదివారం వెళ్ళేసరికి గింజలు రేకు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిచి ఉన్నాయి. ఆ ఎండకు బ్యాక్టీరియా బతకదు. కోపం వస్తే నాకు ముందూ వెనకా కనపడదు. మేం దీదీ అని పిలిచే పక్కింటి హిందీ ఆవిడ గోడ మీంచి చూస్తుండగానే అరిచాను. "ఒక్క పని సరిగ్గా చేతకాదా నీకు? ప్రాణమున్నవాటిని ఎండలో మాడ్చి చంపేశావు! చదువులేని మొద్దుకు తెచ్చివ్వడం నాదే బుద్ధి తక్కువ!"

అక్క రేకు వంక చూసింది, నా వంక చూసింది. "పేణమున్నాదని నువ్వు సెప్పలేదు కదరా" అంది. గొంతు పెంచలేదు.

తప్పు నాదేనని ఆ క్షణమే తెలిసింది. తెలిసిన తప్పు ఒప్పుకునే మనిషినైతే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు. చెప్పులేసుకుని వచ్చేశాను. తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. ఆమె ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేశాను. ఆ గింజలే నాటిందని, మొక్కలు పాలిపోయాయని దీదీ కబురు చెబితే, లోపల్లోపల 'నేను చెప్పలా' అనుకున్నాను కూడా. సిగ్గు లేని మనసు.

రెండు నెలలు అలాగే గడిచాయి. ఇక వెళ్దామనుకున్న వారంలోనే, ఒక గురువారం పొద్దున దీదీ ఫోన్ చేసింది. గుండెపోటు. నేను వెళ్ళేసరికి అక్కను చాప మీద పడుకోబెట్టారు.

పెద్దకర్మ అయ్యాక మళ్ళు శుభ్రం చేద్దామని పార పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను. మూడు మళ్ళు పసుపుపచ్చగా వాడిపోయి ఉన్నాయి. గోడ పక్క మడి మాత్రం ముదురు పచ్చగా, కాయల బరువుకు వంగిపోయి ఉంది. దీదీ పరుగున వచ్చింది.

"భయ్యా, వో పచ్చ మడి పీకకు! మీ అక్క సగం పొడి దాచింది కదా, నువ్వు తిట్టి పోయాక దాన్ని నీళ్ళ మట్కా కింద తడి ఇసుకలో పెట్టింది. నువ్వు కోపంగా పోయిన మూడో రోజే దాంతో వేరే గింజలు కలిపింది. మంచం కింద ఆరబెట్టి నన్ను తలుపు కూడా తియ్యనివ్వలేదు. 'ఎండ పడితే సచ్చిపోతాయంట, మా తమ్ముడు సెప్పేడు' అనేది. ఈ మడి కాయలు కూడా కొయ్యలేదు. ఒక మొక్క పీకి బుడిపెలు చూసి, 'తమ్ముడొస్తే ఈ వేళ్ళు సూపించాల' అనేది. హర్ ఇత్వార్, ప్రతి ఆదివారం, రెండు గ్లాసులు చాయ్ పెట్టేది, భయ్యా."

ఒక మొక్కను మెల్లగా పెకలించాను. వేళ్ళ నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చాను. లోపలి బ్యాక్టీరియా పనిచేస్తుంటే బుడిపె ఎర్రగా ఉంటుంది. ఎర్రగానే ఉంది. విప్పిన ప్యాకెట్‌ను మా ల్యాబ్‌లో మేమైనా అంత జాగ్రత్తగా చూడం. నేను చెప్పని పాఠాన్ని అక్క నా తిట్లలోంచి ఏరుకుని నేర్చుకుంది.

ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని మట్టిలోనే కూలబడ్డాను. దీదీ ఉందని కూడా చూడకుండా ఏడ్చాను. "బాగా చేశావక్కా" అన్నాను. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎనిమిది ఆదివారాలు నాకు చాయ్ పెట్టింది.