బెల్ట్ అడిగినవాడి వెనక బూర

నేను రిటైరయ్యే ముందు ఏడాది, దీపావళి వెళ్ళిన వారంలో, సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని మా స్టూడియోకి ఒక చిన్న కామెడీ సినిమా సౌండ్ మిక్సింగ్‌కి వచ్చింది. ఒక షిప్‌యార్డ్ కాంట్రాక్టరు తన దగ్గర పనిచేసే తెలుగువాళ్ళకి చూపించడానికి తీయించిన భద్రతా సినిమా అది. పడిపోకుండా కట్టుకునే సేఫ్టీ బెల్ట్ ఇవ్వకుండా ఎత్తు ఎక్కమంటే ఎక్కనని చెప్పే హక్కు పనివాడికి ఉంది, ఇదీ కథ. మిక్సింగ్ ఇంజనీరంటే మాటలు, చప్పుళ్ళు, సంగీతం ఏది ఎంత వినిపించాలో సరిచూసేవాడు. ఏ సంగీతం పెట్టాలన్నది దర్శకుడి ఇష్టం, అందులో మా మాట చెల్లదు.

ఎక్కనని చెప్పే వేషం మల్లేశం వేశాడు. జగిత్యాల వైపు మనిషి, నిజంగానే ఆ యార్డులో పెయింటరు. "బెల్ట్ ఇయ్యుండ్రి సార్, గప్పుడు ఎక్కుత" అని తడబడకుండా చెప్పాడు. దర్శకుడు కిరణ్ ఆ మాట వెనక బుర్ర్‌మనే బూర పెట్టాడు. మల్లేశం నడిచి వెళ్తుంటే అడుగడుక్కీ అదే బూర. కసురుకునే సూపర్‌వైజరు వెనక మాత్రం హీరో వచ్చినప్పటి డప్పులు! ఇది తప్పన్నాను. "డైలాగ్ మార్చలేదు కదా అంకుల్, మెసేజ్ సేమ్ లా. జనం నవ్వాలి" అన్నాడు సింగపూర్‌లోనే పెరిగి, అక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించే ఆ దర్శకుడు.

జురాంగ్ ఈస్ట్ అవతల పనివాళ్ళుండే ఒక డార్మిటరీలో వేస్తే జనం నవ్వారు, మల్లేశాన్ని చూసి. కొన్నాళ్ళకి అతను ఫోన్ చేశాడు. యార్డులో ఎవరు బెల్ట్ అడిగినా అక్కడి సూపర్‌వైజరు నోటితో ఆ బూర కూత కూస్తున్నాడట, చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వుతున్నారట. "నేన్ జెప్పింది నిజమే గద సార్, మల్ల నన్ను జూసి ఎందుకు నవ్విండ్రు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం కాపాడుకోవడం పిరికితనమని చెప్పడానికి ఆ సినిమాకి ఒక్క మాట కూడా అవసరం పడలేదు.

మరునాడు దర్శకుడిని అడగకుండానే మళ్ళీ మిక్స్ చేశాను. మల్లేశం వెనక యార్డు గాలి చప్పుడు తప్ప ఏమీ ఉంచలేదు. బూరని తీసుకెళ్ళి సూపర్‌వైజరు కేకల కింద పెట్టాను. ఒక్క షాటు, ఒక్క మాట కదల్చలేదు. కాంట్రాక్టరు తరఫున మేనేజరు వచ్చి చూశాడు, నెల్లూరాయన. సగంలోనే ఆపమన్నాడు.

"ఏందండీ ఇది, పనోళ్ళని మా మీదికే ఎగదోస్తా ఉండారే! రాజకీయం ఇది."

డైలాగ్ మార్చలేదు కదండీ అన్నాను. కిరణ్ నాతో అన్న మాటే అది. మేనేజరు పాత మిక్సే ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు. పనివాణ్ణి చూసి నవ్వితే వినోదం, పై వాణ్ణి చూసి నవ్వితే రాజకీయం! సిగ్గుండాలి. టైటిల్స్‌లోంచి నా పేరు నేనే తీయించేశాను.

ఆ తర్వాత ఒకరోజు మల్లేశం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కనిపించాడు. బెల్ట్ అడుగుతున్నావా అని అడిగాను.

"అడుగుతలేను సార్. అడిగితే బూర ఊదుతరు. గట్లనే ఎక్కుతున్న."

ఫిర్యాదు చెయ్యమన్నాను, తోడుగా నేనూ వస్తానన్నాను. అతనూ నవ్వాడు.

ఇన్నేళ్ళ పనిలో నాకు తెలిసింది ఇది. కామెడీ ఎవరి పక్షమో స్క్రిప్టు చదివితే తెలియదు. బూర ఎవరి వెనక మోగుతోందో వినాలి.