బాపు మరిచిపోయిన తాళం

మా చిన్నప్పుడు... డ్యూటీకి పోయే మా బాపు సైకిల్ మలుపు తిరగ్గానే అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టేసేది. ఆయన డ్యూటీ నుంచి తిరిగొచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు. మాకు మాత్రం వేళకు పెట్టేది. "నువ్వు తినవా?" అని అడిగితే "ఆకలైతలేదు, మీరు తినుండ్రి" అనేది... అబద్ధమని మాకూ తెలుసు.

బాపు గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ఎలక్ట్రీషియన్. మోటార్లు, వాటిని నడిపే స్టార్టర్లు బాగుచేయడం ఆయన పని. అమ్మకేమో స్టార్టరు అన్న మాట వింటేనే గుండె దడ. కమాన్‌పూర్‌లో వాళ్ల నాయన పొలం మోటారు దగ్గరే పోయాడు. కరెంటు లేదు కదా అని వైర్లు విప్పుకుని కూర్చున్నాడట... పెట్టెలో ఆటో స్టార్టరు ఉన్న సంగతి మరిచాడు. కరెంటు రాగానే అది ఎవరూ ఒత్తకుండానే మోటారుకు కరెంటు ఇచ్చేసింది... ఆ తాతను నేను చూడనే లేదు.

అమ్మ ఉపవాసాలు చూసి చూసి బాపుకు ఓపిక పోయింది. ఒక ఆదివారం, మోటార్లు చుట్టే ఖాజా కాక దుకాణం నుంచి ఒక పాత స్టార్టరు అడిగి తెచ్చి మా క్వార్టర్ వరండాలో గోడకు బిగించాడు. మోటారు బదులు బల్బు తగిలించాడు. అమ్మకు పీట వేసి ఎదురుగా కూర్చోబెట్టాడు...

పచ్చ బటన్ ఒత్తితే లోపల కాంటాక్టరు అనే స్విచ్చు ఠక్కున మూసుకుని బల్బు వెలిగింది. ఎర్రది ఒత్తితే ఆరింది. మళ్లీ వెలిగించి, ఇంటి మెయిన్ ఆపేసి, మళ్లీ వేశాడు. ఈసారి బల్బు వెలగలేదు.

"చూసినవా? కరెంటు మళ్ల అచ్చినా, మనిషి ఒత్తందే ఇది ఎలగది. మా బాయి మీద అన్నీ గిసొంటియే."

ఓవర్‌లోడ్ రిలే గురించి కూడా చెప్పాడు. మోటారు మీద భారం ఎక్కువైతే అదే ట్రిప్పయి ఆపేస్తుందట. "నాకు సుత గసొంటిదొకటి పెట్టియ్యి, ఈ పిల్లలతోని పడలేకపోతున్న" అంది అమ్మ. అందరం నవ్వాం. కానీ అమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషా...

"మరి ఎవడన్న తెల్వక పచ్చది ఒత్తితే?"

బాపు జేబులోంచి చిన్న ఇత్తడి తాళం తీశాడు. "ఐసోలేటర్ అని ఒక హ్యాండిల్ ఉంటది. అది గుంజితే స్టార్టరుకు కరెంటే రాదు. దానికి నా తాళం ఏసి, చెవి జేబుల ఏసుకుంట. గప్పుడు ఎవడు ఏది ఒత్తినా ఏం గాదు. తాళం ఏసినోడే తియ్యాలె."

అమ్మ తలయితే ఊపింది. మర్నాడూ తినలేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున... బాపు డ్యూటీకి వెళ్లాక అమ్మ ఇల్లు ఊడుస్తోంది. కిటికీలో ఆ ఇత్తడి తాళం, దానికే చెవి. రాత్రి నూనె వేసి అక్కడ పెట్టి మరిచిపోయాడు. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చీపురు పడేసి, తాళం తీసుకుని, నా చెయ్యి పట్టుకుని చెప్పులు కూడా లేకుండా నడిచింది.

"అన్నా, మా ఆయన తాళం మరిచిండు. చెయ్యి పెట్టకముందే జల్ది పిలువుండ్రి" అని బాయి గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలింది. అతను లోపలికి పరుగెత్తాడు. రోజూ గేటు దాకా వినిపించే, బొగ్గు డబ్బాలు లాగే హాలేజీ మోటారు చప్పుడు ఆ పొద్దున లేదు. మోటారు ఆగిందంటే బాపు చేతులు అందులో ఉన్నట్టే... అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు వేళ్లు నొప్పెట్టాయి.

చివరికి బాపు వచ్చాడు. సైకిల్ నడిపించుకుంటూ, గ్రీజు మరక లేని చేతులతో. వెనకాలే ఫోర్‌మన్.

"వదినా, ఆఫీసు తాళం ఇస్తమంటే వద్దన్నడు. నా తాళం తెచ్చుకుంట అని పని ఆపి కూసున్నడు. ఇప్పుడే బయలెల్లిండు."

"ఆఫీసు తాళానికి రెండు చెవులున్నయి. రెండోది ఎవలి దగ్గరుంటదో నాకేం తెలుసు" అన్నాడు బాపు.

అమ్మ తాళం ఆయన చేతిలో పెట్టి, "నీ మతిమరుపుకు మన్నువడ! నా పానం పోయింది గదా" అని అక్కడే ఏడ్చేసింది. బాపు సిగ్గుపడి తల గోక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం బాపు ఇంకా డ్యూటీలో ఉండగానే అమ్మ మాతో పాటు కంచం పెట్టుకుని కూర్చుంది. మామిడికాయ తొక్కు కలుపుకుని, రెండోసారి అన్నం వడ్డించుకుని మరీ తిన్నది. నేనూ తమ్ముడూ మా కంచాలు మరిచి ఆమెనే చూశాం. ఎంత సంతోషమేసిందో...

ఇప్పుడు పొలాల్లో మోటార్లు ఫోన్లో నొక్కితే తిరుగుతున్నాయి. మనిషి జాడా ఫోన్లోనే. మా ఆయనకు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డ్యూటీ. ఎక్కడున్నాడో మ్యాపులో కనిపిస్తూనే ఉంటుంది. ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న, నువ్వు తిను" అంటాడు. తింటాను... కానీ ఆ రోజు అమ్మ తిన్నంత నిమ్మళంగా ఒక్కనాడూ తినలేదు.

డ్యూటీకి పోయిన మనిషి కోసం మీ ఇంట్లో ఎవరు అట్లా ఆగేవారు... చెప్పరూ?